ఆలమగోర్డో: ‘అంట’ను తవ్వి తీసిన ఊరు

“ఏరా, అమెరికాలో చూడ్డానికి ఇంకేమీ దొరకలేదా నీకు? చెత్తకుప్ప కోసం విమానం ఎక్కించావా నన్ను?”

ఎల్ పాసో ఎయిర్‌పోర్టులో అద్దె కారు తీసుకుని, హైవే 54 మీద ఉత్తరం వైపు తిరిగాక మా బావ అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆయన తప్పేం లేదు. థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి డాలస్‌లో అక్కావాళ్లింటికి వెళ్లి, “బావా, న్యూ మెక్సికోలో తెల్ల ఇసుక దిబ్బలున్నాయి, చూసొద్దామా?” అని ఊరించింది నేనే. దిబ్బలున్న మాట నిజమే. కానీ నేను అసలు చూడాలనుకున్నది వాటికి పాతిక కిలోమీటర్ల అవతలున్న ఆలమగోర్డో అనే చిన్న ఊరు. ముప్పై వేల పైచిలుకు జనాభా. ఆ ఊరి అంచున ఒక పాత చెత్త డంపు ఉంది. వీడియో గేమ్‌లు ఆడేవాళ్లు ముప్పై ఏళ్లపాటు చెప్పుకున్న ఓ పుకారు ఆ డంపులోనే పుట్టింది.

ఆ పుకారు ఇదీ. 1982లో స్పీల్‌బర్గ్ ‘ఈటీ’ సినిమా మీద అటారీ కంపెనీ ఒక వీడియో గేమ్ చేసిందంట. అంత చెత్త గేమ్ ప్రపంచంలోనే లేదంట. ఎవరూ కొనకపోతే లక్షల కొద్దీ క్యాసెట్లు లారీల్లో తీసుకెళ్లి, రాత్రికి రాత్రి ఎడారిలో పూడ్చేసి, పైన కాంక్రీటు పోశారంట. ఆ ఒక్క గేమ్ దెబ్బకి అమెరికాలో వీడియో గేమ్‌ల పరిశ్రమే కుప్పకూలిందంట.

“ఇందులో ఎంత నిజం?” అన్నాడు బావ.

“అది చూడ్డానికే కదా వెళ్తున్నాం!”

నిజానికి నాకు జవాబు సగం తెలుసు. మిగతా సగం నా సొంత గొడవ.

పేజీలో ‘అంట’ తీసేసిన రోజులు

2014లో, ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో, హాస్టల్లో ముగ్గురం కలిసి ఒక ఫేస్‌బుక్ పేజీ పెట్టాం. హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్ సినిమాలు, వీడియో గేమ్‌లు, వాటి వార్తలు. వార్తలంటే ఏముంది? ఇంగ్లీషు సైట్లలో ‘రూమర్’ అని పెట్టినవాటిని తెలుగులోకి దించి పోస్టు చెయ్యడమే. దించేటప్పుడు ఒక్క చిన్న మార్పు చేసేవాళ్లం. చివర్లో ‘అంట’ తీసేసేవాళ్లం.

“హాఫ్ లైఫ్ 3 వస్తోందంట” అని పెడితే ఇరవై లైకులు. “హాఫ్ లైఫ్ 3 వచ్చేస్తోంది” అని పెడితే రెండు వందలు. 2007లో ‘హాఫ్ లైఫ్ 2: ఎపిసోడ్ టూ’ వచ్చిన దగ్గర్నుంచీ దాని తర్వాతి భాగం కోసం గేమర్లు కళ్లు కాయలు కాచేలా చూస్తున్నారు. మా పేజీలో మాత్రం నాలుగేళ్లలో ఐదుసార్లు దాన్ని విడుదల చేసేశాం.

మన భాషలో ఈ ‘అంట’ అనేది భలే మాట. “వాడికి ఉద్యోగం వచ్చిందంట” అంటే, నేను విన్నది చెబుతున్నాను, నా పూచీ లేదు అని. ఒక్క మాటలో ఎంత నిజాయతీ! అది తీసేస్తే అదే వాక్యం సాక్ష్యం అయిపోతుంది. అప్పట్లో మాకు ఇదంతా తట్టలేదు. లైకులు తట్టాయి.

ఆ పేజీ చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ లైకులు వచ్చిన పోస్టు నాదే. ‘ఐదు వారాల్లో ఒక పరిశ్రమని చంపినవాడు’ అని హెడ్డింగు. కింద ఈటీ గేమ్ తయారుచేసిన హోవర్డ్ స్కాట్ వార్షా ఫోటో. దాని కింద నాలుగు జోకులు. ఆయన ఎవరో, ఏం చేశాడో, ఎందుకలా అయిందో ఒక్క ముక్క కూడా చదవకుండానే రాశాను.

పదేళ్లు గడిచాయి. పేజీ సంగతే మర్చిపోయాను.

పోయినేడాది మా టీమ్‌కి ఒక పని వచ్చింది. క్లయింట్ పండగ సేల్ నాటికి కొత్త ఆర్డర్ల మాడ్యూల్ లైవ్‌లో ఉండాలి. మామూలుగా అయితే నాలుగు నెలల పని. సేల్ తేదీ ముందే ప్రకటించేశారు కాబట్టి ఆరు వారాలు ఇచ్చారు. “చెయ్యగలవా?” అని అడిగారు. “చేస్తాను” అన్నాను. ఆ ప్రశ్నకి ఇంకో జవాబు ఉంటుందని అప్పటికి నాకు తెలీదు. టెస్టింగ్‌కి మిగిలింది మూడు రోజులు.

సేల్ మొదలైన రాత్రి రెండింటికి మాడ్యూల్ పడిపోయింది. కారణాలు ఒకటి కాదు. సర్వర్లు అనుకున్నదాంట్లో సగమే ఇచ్చారు. వేరే టీమ్ నుంచి రావాల్సిన డేటా తప్పుగా వచ్చింది. నా కోడ్‌లో కూడా ఒక తప్పుంది, కాదనను. కానీ వారం తిరిగేసరికి ఆఫీసులో వినిపించింది ఒకటే: “ఆ మాడ్యూల్ వాడు రాసిందంట.” ఇంకో వారానికి, “వాడివల్లే క్లయింట్ పోయాడంట.” నెల తిరిగేసరికి ‘అంట’ పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ పాత పోస్టు.

లారీలు నడిచిన దారి

హైవే 54 గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. రెండు పక్కలా ఇసక, ముళ్ల పొదలు. ఎడమవైపు దూరంగా రంపం పళ్లలాంటి కొండలు. ఎదురుగా వచ్చే బండ్లు కూడా తక్కువే. 1983 సెప్టెంబరులో అటారీ లారీలు ఎల్ పాసోలోని కంపెనీ ప్లాంటు నుంచి ఆలమగోర్డోకి సరుకు తోలాయి. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం దాదాపు 140 కిలోమీటర్లు.

ఆలమగోర్డో ఇంకా ఉందనగా బోర్డర్ పెట్రోల్ వాళ్ల చెక్‌పోస్టు వచ్చింది. మెక్సికో సరిహద్దు దగ్గర కదా, లోపలి రోడ్ల మీద కూడా ఆపుతారు. ఆఫీసర్ కారులోకి వంగి, అమెరికా పౌరులేనా అని అడిగాడు. బావ తన గ్రీన్ కార్డు తీశాడు. నేను పాస్‌పోర్టు, వీసా కాగితాలు ఇచ్చాను. ఒక్క నిమిషంలో పంపేశాడు. అయినా ఆ నిమిషం నాకు చాలాసేపు నడిచింది. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఉండే గడువు 60 రోజులు. నా మెయిల్ డ్రాఫ్టుల్లో రాజీనామా ఒకటి మూడు వారాలుగా పడుంది. ఆ సంగతి అప్పటిదాకా బావకి చెప్పలేదు.

చెక్‌పోస్టు దాటాక చెప్పాను. ఆయన వెంటనే ఏం అనలేదు. కాసేపాగి, “అయితే ఈ చెత్తకుప్ప యాత్ర ఊరికే కాదన్నమాట” అన్నాడు.

ఊళ్లోకి వెళ్లగానే ముందు కొండవాలు మీదున్న న్యూ మెక్సికో మ్యూజియం ఆఫ్ స్పేస్ హిస్టరీకి వెళ్లాం. పెద్ద బంగారు రంగు పెట్టెలా ఉంటుంది ఆ భవనం. ముందు ఆవరణలో హామ్ సమాధి. 1961 జనవరి 31న అమెరికా రాకెట్‌లో పంపిన చింపాంజీ. క్షేమంగా తిరిగొచ్చి, ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా బతికింది. బావ ఆ ఫలకం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

అక్కడినుంచి చూస్తే లోయ మొత్తం కనిపిస్తుంది. కింద ఊరు, దానికవతల ఎయిర్ ఫోర్స్ స్థావరం, ఇంకా అవతల ఎండలో మెరిసే తెల్లటి చార. పుకార్ల గురించి చెప్పుకోవాలంటే ఈ లోయని మించిన చోటు లేదు.

1945 జులై 16 తెల్లవారుజామున, ఇక్కడికి వాయవ్యంగా దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని ట్రినిటీ సైట్‌లో ప్రపంచంలో మొట్టమొదటి అణుబాంబు పేల్చారు. ఆ వెలుగు ఎక్కడెక్కడి జనమో చూశారు. ఏమైందని అడిగితే, ఆలమగోర్డో వైమానిక స్థావరం తరఫున పత్రికలకి ఒక ప్రకటన వచ్చింది: మందుగుండు గోదాము పేలింది, ప్రాణనష్టం లేదు. పేపర్లు అదే వేశాయి. ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడ్డాకగానీ అసలు సంగతి జనానికి తెలీలేదు.

రెండేళ్ల తర్వాత, 1947 జులైలో, ఇక్కడికి తూర్పునున్న రోజ్‌వెల్ దగ్గర ‘ఎగిరే పళ్లెం’ దొరికిందని అక్కడి సైనిక స్థావరమే ప్రకటించింది. మర్నాటికల్లా “కాదు, వాతావరణ బెలూన్” అంది. గ్రహాంతరవాసుల కథలకి అది పుట్టిల్లు అయింది. 1994లో ఎయిర్ ఫోర్స్ ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ శిథిలాలు ప్రాజెక్ట్ మోగల్ అనే రహస్య కార్యక్రమానివి. సోవియట్ అణు పరీక్షల చప్పుడు పసిగట్టడానికి వదిలిన బెలూన్లు. వాటిని వదిలింది ఈ ఆలమగోర్డో నుంచే.

అంటే ఒకసారి అబద్ధం వార్తగా అచ్చయింది. ఇంకోసారి నిజం దాచినందుకు పుకారు పుట్టింది. అటారీ కథ మూడో రకం. అచ్చయిన నిజమే పుకారుగా మారిపోయింది.

అద్దం వెనక నలిగిన క్యాసెట్లు

మ్యూజియంలో ఒక చోట అద్దం వెనక అవి ఉన్నాయి. మట్టి కొట్టుకుపోయిన పెట్టెలు, అణిగిన ప్లాస్టిక్, రంగు వెలిసిన లేబుళ్లు. ఒకదాని మీద ఈటీ బొమ్మ. దీనికోసమేనా అనిపిస్తుంది చూడగానే. నాకు మాత్రం కాళ్లు కదల్లేదు.

“ఈటీ కథ అసలు మన సత్యజిత్ రేదంట కదా?” అన్నాడు బావ, అద్దంలోకి చూస్తూ.

అది ఇంకో పుకారు. రే 1967లో ‘ది ఏలియన్’ అనే స్క్రిప్టు రాశారు. బెంగాల్ పల్లెలో దిగిన గ్రహాంతరవాసి కథ. కొలంబియా పిక్చర్స్ తీస్తామంది, తీయలేదు. ఈటీ వచ్చాక, తన స్క్రిప్టు ప్రతులు అమెరికాలో తిరగకపోయి ఉంటే ఆ సినిమా వచ్చేది కాదని రే అన్నారు. స్పీల్‌బర్గ్ కాదన్నారు. తవ్వి తేల్చుకోవడానికి దానికి డంపు లేదు. అందుకే దాని చివర ‘అంట’ ఉంచాల్సిందే.

ఈటీ గేమ్ కథకి మాత్రం కాగితాలున్నాయి, మనుషులున్నారు, తవ్వితే దొరికిన సరుకు కూడా ఉంది.

సినిమా 1982 జూన్ 11న విడుదలైంది. చూస్తుండగానే ‘స్టార్ వార్స్’ రికార్డు దాటేసింది. దాని మీద గేమ్ చేసే హక్కుల కోసం అటారీ మాతృసంస్థ వార్నర్ కమ్యూనికేషన్స్ బేరం మొదలుపెట్టింది. అది తెగేసరికి జులై నెలాఖరైంది. క్రిస్మస్‌కి గేమ్ షాపుల్లో ఉండాలి. క్యాసెట్లు తయారుచెయ్యడానికి నెలలు పడుతుంది. వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే ప్రోగ్రామ్ రాయడానికి మిగిలింది సెప్టెంబరు 1 దాకా. అంటే ఐదు వారాల చిల్లర. అప్పట్లో అలాంటి గేమ్‌కి ఐదారు నెలలు పట్టేది.

హోవర్డ్ వార్షాకి అప్పుడు పాతికేళ్లు. అంతకుముందే ‘యార్స్ రివెంజ్’ చేశాడు. అటారీ గేమ్‌లలో బాగా మెచ్చుకున్నవాటిలో అదొకటి. చెయ్యగలవా అని అడిగారు. చేస్తానన్నాడు. ఇక్కడ చదువుతున్నప్పుడు నాకు గొంతు పట్టేసింది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమవ్వడానికి ఒక్క లెక్క చెబుతాను. అటారీ 2600 యంత్రంలో ర్యామ్ 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లు. మనం వాట్సాప్‌లో పెట్టే ఒక పొడుగాటి మెసేజ్ కూడా అందులో పట్టదు. ఈటీ గేమ్ మొత్తం 8 కిలోబైట్లు. అందులోనే ఆరు తెరలున్న ఒక లోకం, మూడు ముక్కలైన ఫోను, ఈటీని తరిమే ఏజెంటు, సైంటిస్టు, ఇంటికి తీసుకెళ్లే నౌక. ఆఫీసులో టైమ్ చాలక, ప్రోగ్రామింగ్ సామగ్రి ఇంట్లో కూడా పెట్టించుకుని రాశాడాయన. జనం చేత ఆడించి చూసే టైమ్ లేదు. అక్కడే దెబ్బతింది. ఫోను ముక్కలు గోతుల్లో ఉంటాయి. ఈటీ అనుకోకుండా గోతిలో పడుతుంటుంది, పైకి తేలుతుంది, మళ్లీ పడుతుంది. ఎందుకు పడిందో పిల్లలకి అర్థం కాలేదు.

అయినా మొదట్లో బాగానే అమ్ముడుపోయింది. దాదాపు 15 లక్షలు. మరి కొంపెక్కడ మునిగింది? అటారీ తయారుచేసింది 40 లక్షల దాకా. ఆ సంఖ్య వేసింది వార్షా కాదు. గడువు పెట్టింది ఆయన కాదు. హక్కులకి రెండు కోట్ల డాలర్లకు పైగా ఒప్పుకున్నదీ ఆయన కాదు.

ఇక పరిశ్రమ సంగతి. 1982, 83ల్లో ఎవరు పడితే వాళ్లు గేమ్‌లు చేసి షాపుల్లోకి తోశారు. అమ్ముడుపోని సరుకుని షాపులవాళ్లు కారుచౌకగా వదిలించుకున్నారు. ఐదు డాలర్లకి గేమ్ దొరుకుతుంటే పూర్తి ధర పెట్టేదెవరు? దానికి తోడు, ఇంట్లో వాడుకునే కంప్యూటర్ల ధరలు దిగొచ్చాయి. అటారీ 1983లో 50 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. మరుసటి ఏడాది వార్నర్ ఆ వ్యాపారాన్ని అమ్మేసింది. ఈటీ ఆ మంటలో ఒక కట్టె. పెద్ద కట్టే. కానీ అగ్గిపుల్ల కాదు.

కంచె అవతల

మ్యూజియం నుంచి డంపు దగ్గరికి వెళ్లాం. ఎప్పుడో మూసేసిన డంపు అది. లోపలికి వెళ్లే వీలు లేదు. కంచె ఇవతల కారాపి దిగాం. చదును చేసిన నేల, ఎండిన గడ్డి, గాలికి ఎగిరొచ్చి కంచెకి చిక్కుకున్న ప్లాస్టిక్ సంచులు. వెనకాల నీలంగా శాక్రమెంటో కొండలు. అంతే.

“ఇదేనా?” అన్నాడు బావ.

“ఇదే.”

ఆయన ఫోన్ తీసి మర్యాదకి ఒక ఫోటో తీశాడు.

1983 సెప్టెంబరు నెలాఖరులో ఇక్కడికి లారీలు వచ్చాయి. ఊరి పేపరు రాసింది. సెప్టెంబరు 28న న్యూయార్క్ టైమ్స్ కూడా రాసింది, 14 లారీల సరుకు అని. ఈ డంపునే ఎంచుకోవడానికి కారణం కూడా అప్పుడే చెప్పారు. ఇక్కడ చెత్త ఏరుకోనివ్వరు, వేసింది వేసినట్టు ఏ రోజుకారోజు అణగదొక్కి పూడ్చేస్తారు. అయినా ఊరి పిల్లలు ఊరుకుంటారా? దొరికిన క్యాసెట్లు పట్టుకుపోయారు. దాంతో పైన కాంక్రీటు పోశారు.

ఇదంతా పేపర్లో వచ్చిన వార్తే. కానీ ఏళ్లు గడిచాయి. పాత పేపర్లు ఎవరూ తిరగెయ్యరు. చెప్పుకునే నోళ్లు మాత్రం ఉంటాయి. 14 లారీల సరుకు కాస్తా లక్షల ఈటీ క్యాసెట్లయింది. ఇంటర్నెట్ వచ్చాక “ఇదంతా కట్టుకథ” అనేవాళ్లు కూడా బయల్దేరారు. వార్షా స్వయంగా, ఇది జరిగి ఉండదనే అనుకున్నాడు.

2014 ఏప్రిల్ 26న తవ్వారు. ‘అటారీ: గేమ్ ఓవర్’ అనే డాక్యుమెంటరీ కోసం. దర్శకుడు జాక్ పెన్. ఎక్కడ తవ్వాలో చూపించింది ఈ ఊళ్లో చెత్త కాంట్రాక్టులు చేసిన జో లెవండోస్కీ. పాత ఫోటోలు దగ్గర పెట్టుకుని, ఏళ్ల తరబడి లెక్కలు కట్టి ఆ చోటు పట్టుకున్నాడాయన. పురావస్తు శాస్త్రవేత్తలు వచ్చారు. మోహెంజొదారో తవ్వినంత శ్రద్ధగా ఒక చెత్తకుప్పని తవ్వడం! ఎక్కడెక్కడి నుంచో గేమర్లు వచ్చి లైను కట్టారు. ఆ రోజు విపరీతమైన దుమ్ముగాలి. దాదాపు ముప్పై అడుగుల లోతున మొదటి ఈటీ క్యాసెట్ దొరికింది. పుకారు నిజమైంది.

కానీ ఇక్కడే అసలు సంగతి. బయటికి తీసిన సుమారు 1,300 క్యాసెట్లలో ఈటీలు కొద్దిపాటే. మిగతావన్నీ వేరే గేమ్‌లు. సెంటిపీడ్, మిసైల్ కమాండ్, డిఫెండర్, స్టార్ రైడర్స్, ప్యాక్‌మ్యాన్. బ్రహ్మాండంగా అమ్ముడుపోయిన గేమ్‌లు. ఆఖరికి వార్షా చేసిన ‘యార్స్ రివెంజ్’ కూడా అదే గోతిలో ఉంది. అప్పట్లో పూడ్చివేతను చూసుకున్న మాజీ మేనేజర్ చెప్పిన లెక్క ప్రకారం మొత్తం 7,28,000 క్యాసెట్లు పూడ్చారు. పాడైనవి, షాపుల నుంచి తిరిగొచ్చినవి, మిగిలిపోయినవి. కంపెనీ గోదాము ఖాళీ చేసుకుంది, అంతే. ఎవరి పాపాన్నో దాచడానికి తవ్విన గొయ్యి కాదది.

పుకారులో ఉన్న నిజం ఏమిటంటే, పూడ్చారు. అబద్ధం ఏమిటంటే, ఎందుకు, ఎవరివల్ల అన్నది. తవ్వేదాకా ఆ నిజాన్ని అడ్డుపెట్టుకుని ఈ అబద్ధం బతికింది. “పూడ్చారు కదా, మరి?” అంటే ఎవరైనా నోరు మూసుకోవాల్సిందే.

తవ్విన రోజు వార్షా ఇక్కడే ఉన్నాడు. డాక్యుమెంటరీలో చూడొచ్చు, దుమ్ములో నిలబడి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి కళ్లు తుడుచుకుంటాడు. ఎప్పుడో రాసిన ఆ కాస్త కోడ్, ఇన్నేళ్ల తర్వాత ఇంతమందిని ఇక్కడికి రప్పించిందని సంతోషపడతాడు. అటారీ వదిలాక చాలా పనులు చేసి, చివరికి ఆయన సైకోథెరపిస్టు అయ్యాడు. సిలికాన్ వ్యాలీలో మాలాంటి వాళ్లు చెప్పుకునే బాధలు వినడమే ఇప్పుడాయన పని. నేను ‘పరిశ్రమని చంపినవాడు’ అని రాసింది ఆయన గురించే.

కంచె పట్టుకుని ఇదంతా బావకి చెప్పాను. పోస్టు సంగతి కూడా. ఆయన విని, “నీ కోడ్‌లో తప్పుందన్నావు కదా, అది మీవాళ్లకి చెప్పావా?” అన్నాడు.

“అందరూ నాదే తప్పంటుంటే ఇంకేం చెప్పాలి బావా?”

“నీది ఎంతవరకో నువ్వు చెప్పకపోతే, మిగతాది కూడా నీ ఖాతాలోనే రాస్తారు మరి.”

బావ పవర్ ప్లాంటు ఇంజినీరు. యంత్రం ఆగితే ముందు లాగ్ బుక్ చూస్తారట వాళ్లు.

తెల్ల ఇసుక

సాయంత్రానికి వైట్ శాండ్స్ నేషనల్ పార్కుకి వెళ్లాం. ఆలమగోర్డో వెళ్లేవాళ్లు దీన్ని మాత్రం వదలొద్దు. 700 చదరపు కిలోమీటర్లకు పైగా మంచులాంటి తెల్లటి దిబ్బలు. అది మామూలు ఇసుక కాదు, జిప్సం. అందుకే ఎండాకాలంలో కూడా చెప్పుల్లేకుండా నడవొచ్చు, కాలదు. ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ సినిమాలో ఎడారి సన్నివేశాలు కొన్ని ఇక్కడే తీశారు. పక్కనే క్షిపణి పరీక్షల రేంజి ఉంది, పరీక్ష ఉన్నప్పుడు హైవే 70ని కాసేపు ఆపేస్తారు. బయల్దేరే ముందు పార్కువాళ్ల వెబ్‌సైటు చూసుకోవడం మంచిది. గిఫ్టు షాపులో ప్లాస్టిక్ పళ్లేలు అమ్ముతారు. వాటిలో కూర్చుని దిబ్బ మీది నుంచి జారొచ్చు. నలభై రెండేళ్ల బావ తొమ్మిదిసార్లు జారాడు. అక్కకి వీడియో పంపాడు.

అమ్మ ఫోన్ చేసింది. “చెత్తకుప్ప చూడ్డానికి వెళ్లారంట, అక్క చెప్పింది. నిజమేనా నాన్నా?”

“నిజమేనమ్మా.”

“ఏముందిరా అక్కడ?”

“ఏమీ లేదమ్మా.”

“ఏమీ లేకపోతే ఎందుకురా అంత దూరం!”

ఆ రాత్రి మోటెల్లో ల్యాప్‌టాప్ తీశాను. ముందు డ్రాఫ్టుల్లో ఉన్న రాజీనామా పక్కన పెట్టి, కొత్త మెయిల్ రాశాను. సేల్ రాత్రి ఏ నిమిషానికి ఏం జరిగిందో, లాగ్‌లతో సహా. మొదటి వరస నా తప్పుతోనే మొదలుపెట్టాను. తర్వాత సర్వర్లు, తర్వాత డేటా, తర్వాత ఆరు వారాలు. సోమవారం పంపాను. మా మేనేజర్ రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు అందర్నీ కూర్చోబెట్టి ఆ మెయిల్ తెరమీద చూపించారు. పోయిన క్లయింట్ తిరిగి రాలేదు. క్యాంటీన్‌లో ఇప్పటికీ కొందరు నన్ను చూసి గొంతు తగ్గిస్తారు. కానీ రాజీనామా డ్రాఫ్టు తీసేశాను.

ఇంకో పని కూడా అదే రాత్రి చేశాను. మా పాత పేజీ వెతికితే దొరికింది. ఏడేళ్లుగా అందులో ఎవరూ ఏమీ పెట్టలేదు. నా పోస్టు మాత్రం అలాగే ఉంది, జోకులతో సహా. తీసేద్దామనుకున్నాను. తీసేస్తే పూడ్చినట్టే కదా అనిపించి, ఉంచాను. దాని కింద ఐదు వారాల లెక్క, 40 లక్షల లెక్క, 1,300 క్యాసెట్ల లెక్క రాసి, ‘పైన రాసింది తెలియక రాశాను’ అని పెట్టాను. ఎవరు చూస్తారని కాదు.

పక్క మంచం మీద బావ ఫోన్ మోగింది. చూసి, ఏదో టైప్ చేసి, దుప్పటి కప్పుకున్నాడు. నా ల్యాప్‌టాప్‌లో మొదటి కామెంటు కనిపించింది:

“వెళ్లి చూశాం. అక్కడ ఏమీ లేదు. ఇది ‘అంట’ కాదు.”